ఇంగ్లీషు పీరియడుకు ఏమైంది?

పదో తరగతి పబ్లిక్ పరీక్షల పట్టిక మన రెండు రాష్ట్రాల్లోనూ చూడని ఇల్లు ఉండదు. అందులో ముందు వరసలో భాషల పేపర్లుంటాయి. చాలామంది పిల్లలకు మొదటి భాష తెలుగు, రెండో భాష హిందీ, మూడో భాష ఇంగ్లీషు. ఆ తర్వాత గణితం, సైన్సు, సాంఘికశాస్త్రం. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకూ ఇదే పట్టిక. అంటే మొదటి భాష అని మనం పేరుపెట్టినదాంట్లో వాళ్లు రాసేది ఒక్క సబ్జెక్టు. మూడో భాష అన్నదాంట్లో ఆ భాష పేపరూ రాయాలి, లెక్కలూ చేయాలి, కిరణజన్య సంయోగక్రియనూ వివరించాలి, స్వాతంత్ర్యోద్యమ చరిత్రనూ చెప్పాలి. ఈ అమరికలో ఉన్న చిక్కు గురించే ఈవేళ మాట్లాడదలిచాను. ఇంగ్లీషు అక్కర్లేదని చెప్పడానికి రాలేదు. మన పిల్లలకు ఇంగ్లీషు కావాలి, బాగా కావాలి. నా ప్రశ్న వేరు. పాఠ్యాంశాలన్నీ ఇంగ్లీషులో చెప్పడం మొదలయ్యాక, బడిలో భాషలు నేర్పే పని ఏమైంది? నాకు తోచిన జవాబు ఇది: మీడియం మారితే భాష దానంతటదే వచ్చేస్తుందన్న ధీమాతో మనం ఇంగ్లీషు నేర్పే పనిని వదిలేశాం, ఆ మార్పులోనే తెలుగు నేర్పే పనికి ఉన్న ఆసరా కూడా తీసేశాం.

మార్పు ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా గుర్తుచేస్తాను. ప్రైవేటు బడుల్లో ఇంగ్లీషు మీడియం ఎప్పటినుంచో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో సక్సెస్ పేరిట ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం అని జీవోలు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది, వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ఏడాదే ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు బడులకు చేరాయి. తెలంగాణ ప్రభుత్వం 2022 జనవరిలో మంత్రివర్గ నిర్ణయం తీసుకుని, ఆ ఏడాది నుంచే సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టింది. ఇన్నేళ్ల చర్చలో తల్లిదండ్రుల హక్కు గురించి మాట్లాడారు, రాజ్యాంగం గురించి మాట్లాడారు, ఆత్మగౌరవం గురించి మాట్లాడారు. అన్నీ మాట్లాడవలసినవే. ఇంగ్లీషు టీచరు రోజూ ఒక పీరియడు చెప్పే పాఠం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. సైన్సు ఇంగ్లీషులో చెబితే సైన్సూ వస్తుంది, ఇంగ్లీషూ వస్తుంది, ఒకే దెబ్బకు రెండు పిట్టలు అన్న నమ్మకం అంత గట్టిగా పాతుకుపోయింది.

ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి ఎంత అనువైన పరిస్థితి కావాలో అంత అనువైన పరిస్థితిలో ఒక ప్రయోగం జరిగింది. కెనడాలో మాంట్రియల్ నగరం పక్కన సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో, 1965లో, ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలవాళ్లు పట్టుబట్టి తమ పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచిలో చెప్పించారు. పాఠం చెప్పేవాళ్లకు ఫ్రెంచి అచ్చంగా సొంత భాష. ఇళ్లల్లో పుస్తకాలున్నాయి. పిల్లల ఇంటి భాష దేశమంతా చెల్లే ఇంగ్లీషు, కాబట్టి అది ఎక్కడికీ పోదు. పైగా కొన్నేళ్లు గడిచాక బడిలో ఇంగ్లీషు కూడా పాఠంగా చెప్పారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ లాంబర్ట్ ఈ పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఫలితాలు మంచివే. పిల్లలు చదువులో వెనకబడలేదు, ఫ్రెంచి విని అర్థం చేసుకోవడంలో ఫ్రెంచి పిల్లలకు దగ్గరగా వచ్చారు. అయితే నోరు విప్పినప్పుడు, కలం పట్టినప్పుడు మాత్రం ఎన్నేళ్లు గడిచినా తప్పులు వదల్లేదు. లింగం, కాలం, క్రియారూపాలు తడబడుతూనే ఉన్నాయి. కెనడాకే చెందిన మెరిల్ స్వెయిన్ 1985లో దీనికి కారణం వివరించారు. పాఠం అర్థమైతే చాలు, భాష వచ్చేస్తుందనుకున్నారు. వినడం వల్ల అర్థం చేసుకునే శక్తి వస్తుంది. సొంతంగా వాక్యం కట్టాల్సిన అవసరం పడి, కట్టి, తప్పు దిద్దించుకుంటే తప్ప చెప్పే శక్తి రాదు. సైన్సు తరగతిలో ఆ అవసరం పడదు, విషయం తెలిసిందో లేదో చూసి ముందుకు వెళ్తారు. అన్ని హంగులూ ఉన్నచోటే సబ్జెక్టు పాఠం ఒక్కటే భాషను పూర్తిగా నేర్పలేకపోయిందంటే, ఆ హంగుల్లో ఒక్కటీ లేనిచోట ఏం నేర్పగలదు?

మన ఊళ్లలో ఇంగ్లీషు మీడియం సైన్సు తరగతి సాధారణంగా ఎలా నడుస్తుందో బడులతో పరిచయమున్న వాళ్లెవరైనా చెబుతారు. టీచరు పాఠాన్ని తెలుగులో వివరిస్తారు. అది టీచరు తప్పు కాదు, మంచితనం. వివరించకపోతే పిల్లలకు ఏమీ అర్థం కాదు. తర్వాత ప్రశ్నలూ జవాబులూ ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తారు, లేదా గైడులో గుర్తుపెట్టి ఇస్తారు. పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు, బట్టీపట్టి పరీక్షలో దింపుతారు. ఇందులో పిల్లవాడు సొంతంగా కట్టిన ఇంగ్లీషు వాక్యం ఎక్కడుంది? ఒక్కటీ లేదు. సైన్సు టీచరు అతని ఇంగ్లీషు దిద్దరు, అది ఆయన పని కాదు, అందుకు శిక్షణా లేదు. సైన్సు పేపరు దిద్దేవాళ్లు పాయింట్లు చూసి మార్కులేస్తారు. ఇక ఇంగ్లీషు టీచరు సంగతి. పిల్లలు పొద్దంతా ఇంగ్లీషులోనే చదువుతున్నారు కదా అన్న భావన బడంతా వ్యాపించాక, ఇంగ్లీషు పీరియడుకు ప్రత్యేకంగా చేయవలసిన పనేదీ లేనట్టే అయిపోతుంది. అదీ మరో సబ్జెక్టుగా మారుతుంది. పాఠం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, ప్రశ్నలకు జవాబులు రాయించడం. సైన్సు పీరియడులో ఏం జరుగుతుందో ఇంగ్లీషు పీరియడులోనూ అదే జరుగుతుంది. యూరప్‌లో 1990ల నుంచి విషయాన్నీ భాషనూ కలిపి నేర్పే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. దానికి మొదటి షరతు, ప్రతి పాఠానికీ విషయ లక్ష్యంతో పాటు భాషా లక్ష్యం కూడా రాసుకుని ఉండాలని. ఈ పాఠంలో పిల్లలు కారణం చెప్పే వాక్యాలు నేర్చుకోవాలి, ఆ పాఠంలో పోల్చి చెప్పే వాక్యాలు నేర్చుకోవాలి అని ముందే నిర్ణయించుకుంటారు. మన సైన్సు టీచరు పాఠ్యప్రణాళికలో అలాంటి గడి ఉండదు. మనం తెచ్చుకున్నది మీడియం ఒక్కటే, పద్ధతిని తెచ్చుకోలేదు.

తెలుగు పీరియడుకు జరిగిన నష్టం దీనికన్నా లోతైనది, దాన్ని గుర్తించినవాళ్లు మరీ తక్కువ. తెలుగు వాచకంలో మొదటినుంచీ పద్యభాగం ఉంది, కథలున్నాయి, సంధులు, సమాసాలు, ఛందస్సు ఉన్నాయి. ఒక సంగతిని వివరించే వచనం మాత్రం తక్కువ. ఆ లోటు ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే దాన్ని పక్క పీరియడు పూరించేది. నీరు ఆవిరై మేఘమై వానగా ఎలా కురుస్తుందో పిల్లలు తెలుగులో రాసేవాళ్లు. ద్వీపకల్పమంటే ఏమిటో, ఎగుమతికీ దిగుమతికీ తేడా ఏమిటో, ఒక రాజ్యం ఎందుకు పతనమైందో తెలుగులో రాసేవాళ్లు. కనిష్ఠ సామాన్య గుణిజం ఎలా కనుక్కోవాలో మెట్టుమెట్టుగా తెలుగులో చెప్పేవాళ్లు. కారణం చెప్పడం, నిర్వచించడం, పోల్చడం, వాదించడం, ఇవన్నీ భాషలో ఉన్న పనులు. వాటిని నేర్పింది తెలుగు టీచరు కాదు, సోషల్ టీచరు, లెక్కల టీచరు. ఇంగ్లండులో 1975లో వెలువడిన బుల్లక్ కమిటీ నివేదిక సరిగ్గా ఈ మాటే గట్టిగా చెప్పింది. భాష నేర్పే బాధ్యత అన్ని సబ్జెక్టుల టీచర్లదీ అని. ఇంగ్లీషు మాతృభాష అయిన పిల్లల గురించి వాళ్లు అలా అనుకోవలసి వచ్చింది. మనం మీడియం మార్చి, తెలుగు చేతిలోంచి ఆ పనులన్నీ ఒక్కసారిగా తీసేసుకున్నాం. మిగిలింది పద్యమూ వ్యాకరణమూ. తెలంగాణ ప్రభుత్వం 2018లో అన్ని బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. మంచి చట్టం. కానీ చట్టం పీరియడును కాపాడగలదు, ఆ పీరియడుకు పక్కనుండి నిలబెట్టిన ఆసరాను తిరిగి ఇవ్వలేదు. అందుకే పదో తరగతి దాటగానే ఇంటర్మీడియెట్‌లో ఎంతోమంది పిల్లలు తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటున్నారు. సంస్కృతం మీద ప్రేమతో కాదు, మార్కుల కోసం. తెలుగులో నాలుగు పేజీలు సొంతంగా రాయవలసివస్తే వాళ్లకు భయం. పదేళ్లపాటు అలా రాయవలసిన అవసరమే రాని పిల్లలకు ఆ భయం సహజం.

ఇది నా ఊహ మాత్రమే అని ఎవరైనా అనవచ్చు. మన గడ్డ మీదే జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల్లో, 180 గ్రామాల్లో, 2008 నుంచి నాలుగేళ్లపాటు నిర్వహించారు. ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ తీసి, గెలిచినవాళ్లకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించారు. లాటరీ కాబట్టి గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఇంటి పరిస్థితుల్లో తేడా ఉండదు. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. నాలుగేళ్ల తర్వాత తెలుగులోనూ గణితంలోనూ ఇద్దరికీ తేడా లేదు. ప్రభుత్వ బడి చెప్పని హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు. ఇంగ్లీషులో కనిపించిన మొగ్గు గట్టిగా తేల్చి చెప్పలేనంత చిన్నది. ఇక్కడ నా వాదానికి ఎదురు నిలిచే సంగతి ఒకటుంది, దాన్ని దాటవేయను. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ చాలా తక్కువ సమయం కేటాయించి కూడా ప్రభుత్వ బడితో సమానమైన ఫలితం తెచ్చాయి. మరి ఇంగ్లీషు మీడియం వల్ల తెలుగు చెడిందని ఎలా అంటారు? జవాబు ఆ అధ్యయనంలోనే ఉంది. ఆ ప్రైవేటు బడుల్లో కొన్ని తెలుగు మీడియంవి, కొన్ని ఇంగ్లీషు మీడియంవి. వాటిని విడదీసి చూస్తే, తెలుగు మీడియం ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు మెరుగ్గా ఉన్నారని, ఇంగ్లీషు మీడియంలోకి మారినవాళ్లు ఇంగ్లీషు మినహా మిగతా విషయాల్లో దెబ్బతిన్నారని సూచనలు కనిపించాయి. పరిశోధకులు దీన్ని సూచనగానే చెప్పారు, రుజువుగా కాదు. ఆ జాగ్రత్త నేనూ పాటిస్తాను. అయినా, తక్కువ సమయంలో పని సాధించిన ఘనత బడి నడిపిన తీరుదే తప్ప మీడియందు కాదని అనుకోవడానికి ఈ సూచన చాలు.

బయటి దేశాల అనుభవం ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. హాంకాంగ్‌లో చైనీస్ పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చదివించినప్పుడు ఏం జరిగిందో హెర్బర్ట్ మార్ష్, హౌ, కాంగ్ అనే ముగ్గురు పరిశోధకులు పన్నెండు వేలమందికి పైగా విద్యార్థుల మార్కులతో పరిశీలించి 2000లో వెల్లడించారు. చరిత్ర, భూగోళం, సైన్సు బాగా దెబ్బతిన్నాయి. గణితంలో కొంచెం నష్టం. ఇంగ్లీషులో లాభం ఉంది, కాకపోతే స్వల్పం. అంటే మీడియం మార్పు వల్ల ఇంగ్లీషు అస్సలు రాదని నేననను. వచ్చేది కొంచెం, దానికి చెల్లించే వెల చాలా ఎక్కువ. మలేసియా మరో పాఠం. రబ్బరు తోటలకు వలసవెళ్లిన తెలుగువాళ్ల సంతతి కూడా ఉన్న దేశం అది. మహతిర్ మొహమద్ ప్రధానిగా ఉన్నప్పుడు, 2003 నుంచి, సైన్సూ గణితమూ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. మలయ్, చైనీస్, తమిళ బడులన్నిటికీ అది వర్తించింది. ఆరేళ్ల తర్వాత, 2009 జులైలో, ఆ విధానాన్ని ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు. పట్నం పిల్లలకూ పల్లె పిల్లలకూ మధ్య అంతరం పెరిగిందని, పాఠం ఇంగ్లీషులో చెప్పగల టీచర్లు చాలరని కారణాలు చూపించారు. అక్కడితో ఆగలేదు, అదే ప్రకటనలో ఇంగ్లీషు భాషా పాఠానికి సమయం పెంచుతామని, ఇంగ్లీషు టీచర్లను అదనంగా నియమిస్తామని చెప్పారు. సబ్జెక్టును తిరిగి పిల్లల భాషకు ఇచ్చి, ఇంగ్లీషు నేర్పే బాధ్యతను తిరిగి ఇంగ్లీషు పీరియడుకు అప్పగించడం అన్నమాట. ఆ తర్వాత ఆ దేశంలోనూ విధానం ఊగిసలాడింది, కొన్ని బడుల్లో ఇంగ్లీషులో చెప్పే వీలు మళ్లీ కల్పించారు. ఆ రెండు పనుల్నీ వేరు చేసి చూడటం మాత్రం మనం నేర్చుకోదగినది.

ఇప్పుడొక చిన్న లెక్క. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220. తొమ్మిది, పది కూడా 220 అనుకుందాం. రోజుకు ఒక ఇంగ్లీషు పీరియడు, 40 నిమిషాలు. పదేళ్లకు అది 1,400 గంటలవుతుంది. ఒక కొత్త భాషలో స్వతంత్రంగా చదివి, రాసి, ఎదుటివాళ్లతో తడుముకోకుండా మాట్లాడగల స్థాయికి చేరడానికి దాదాపు 500 నుంచి 600 గంటల బోధన అవసరమని యూరప్ భాషా ప్రమాణాల మీద పనిచేసేవాళ్లు అంచనా వేస్తారు. ఆ అంచనా వేరే పరిస్థితులకు సంబంధించింది, మన తెలుగుకూ ఇంగ్లీషుకూ దూరం ఎక్కువ, తరగతిలో నలభై మంది ఉంటారు. ఒప్పుకుంటాను. రెట్టింపు చేయండి, 1,200 అనుకోండి. అయినా మన దగ్గర 1,400 ఉన్నాయి. ఇంగ్లీషు నేర్పడానికి సమయం చాలక సైన్సు పీరియడు అరువు తెచ్చుకోవలసిన అగత్యం లేదు. ఉన్న సమయంలో ఏం జరుగుతోందన్నదే అసలు సంగతి.

ఏం జరగవచ్చో చూపించిన మనిషి మన దక్షిణాదివాడే. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో, ప్రాంతీయ భాషా మాధ్యమంలో చదివే పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లీషు పీరియడులో వ్యాకరణ పాఠం లేదు, వాచకం వల్లెవేయించడం లేదు. పిల్లల ముందు ఒక రైల్వే టైంటేబుల్ పెడతారు, ఫలానా ఊరికి సాయంత్రంలోగా చేరాలంటే ఏ బండి ఎక్కాలని అడుగుతారు. ఊరి పటం చూపించి, ఆసుపత్రికి దగ్గరి దారి చెప్పమంటారు. ముందు ఒక చిక్కును టీచరు అందరితో కలిసి ఇంగ్లీషులో విప్పుతారు, తర్వాత అలాంటిదే మరొకటి పిల్లలు ఎవరికి వారు విప్పుతారు. బుద్ధి చిక్కు మీద ఉంటుంది, భాష పని చేస్తూ పోతుంది. ప్రాజెక్టుకు సంబంధం లేనివాళ్లు దీన్ని పరీక్షించి, పరిమితులు చెబుతూనే, మొత్తమ్మీద అనుకూలమైన తీర్పే ఇచ్చారు. ప్రపంచమంతటా భాషాబోధన చదువుకునేవాళ్లు ఈ బెంగళూరు ప్రాజెక్టు గురించి ఇవాళ్టికీ చదువుకుంటారు. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో పుట్టిన కేంద్ర సంస్థ, ఇప్పుడు విశ్వవిద్యాలయమై, మన హైదరాబాదులోనే ఉంది. ఇంత దగ్గరలో ఇంత తెలివి పెట్టుకుని, మనం మీడియం బోర్డు మార్చడంతో సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఇంకో మాట. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల చేత టోఫెల్ పరీక్షలు రాయించడానికి అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు పక్కనపెడితే, మీడియం ఒక్కటే చాలదని, వినడమూ మాట్లాడటమూ వేరుగా నేర్పి వేరుగా పరీక్షించాలని అది ఒప్పుకున్నట్టే.

చిన్నపిల్లలు ఏ భాషనైనా ఇట్టే పట్టేస్తారు కదా, ఒకటో తరగతి నుంచే మొదలుపెడితే తప్పేమిటి అని కొందరు అడుగుతారు. ఆ మాట నిజమే, చుట్టూ ఆ భాష మాట్లాడేవాళ్లున్నప్పుడు. బళ్లారిలో పెరిగే తెలుగు పిల్ల ఆటల్లోనే కన్నడం నేర్చుకుంటుంది. శ్రీకాకుళం పల్లెలోనో మహబూబ్‌నగర్ తండాలోనో పెరిగే పిల్లకు ఇంగ్లీషు వినిపించేది టీచరు నోట మాత్రమే, అదీ కొద్ది నిమిషాలు. తరగతి గదిలో మాత్రమే విదేశీ భాష నేర్చుకునే పిల్లల మీద స్పెయిన్‌లోని బార్సిలోనాలో కార్మెన్ మున్యోజ్ బృందం ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. సమానమైన గంటలు చెప్పినప్పుడు, చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్ల కన్నా కాస్త పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లే త్వరగా నేర్చుకున్నారు. అక్షరాల సంగతి కూడా ఆలోచించండి. తెలుగులో అక్షరాలూ గుణింతాలూ ఒత్తులూ వచ్చిన పిల్ల ఎన్నడూ చూడని మాటనైనా తడుముకుంటూ చదివేస్తుంది. ఇంగ్లీషులో అక్షరానికీ ధ్వనికీ పొత్తు కుదరదు. యూరప్ భాషల పిల్లల చదువును పోల్చినప్పుడు, ఇంగ్లీషు సొంత భాషగా ఉన్న పిల్లలే చదవడం పట్టుబడటానికి మిగతావాళ్ల కన్నా ఎక్కువ కాలం తీసుకున్నారని తేలింది. చదవడమనే విద్యను తేలికైన లిపిలో ముందు సాధించి, ఆ ధైర్యంతో కష్టమైన లిపిలోకి వెళ్లడమే తోవ.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం సమానత్వానిది. డబ్బున్నవాళ్ల పిల్లలు ఇంగ్లీషులో చదువుతుంటే పేదల పిల్లలకు మాత్రం మాతృభాష నీతులు చెబుతారా అని దళిత బహుజన మేధావులు అడుగుతున్నారు. కంచ ఐలయ్య ఈ ప్రశ్నను ఎన్నో ఏళ్లుగా సూటిగా వేస్తున్నారు. ఆ ప్రశ్నలో ఉన్న కోపం న్యాయమైనది. తమ పిల్లల్ని కాన్వెంటులో చదివిస్తూ ఊరి పిల్లలకు తెలుగు మీడియం ఉపదేశించేవాళ్లకు నిజంగానే జవాబు లేదు. ప్రభుత్వం మాతృభాషా మాధ్యమాన్ని బలవంతంగా రుద్దకూడదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే నేను బలవంతం గురించి మాట్లాడటం లేదు. పేదల పిల్లలకు నిజంగా దక్కేదేమిటని అడుగుతున్నాను. ఉన్నవాళ్ల పిల్లకు ఇంగ్లీషు మీడియం వల్ల వచ్చిందనుకుంటున్న ఇంగ్లీషు వెనక, ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులున్నారు, ఇంట్లో పుస్తకాల బీరువా ఉంది, డిగ్రీలో ఇంగ్లీషు చదివి బోధనలో శిక్షణ పొందిన టీచరున్నారు. కూలి చేసుకునే ఇంటి పిల్లకు వీటిలో బడి ఇవ్వగలిగేది ఒక్కటే, మంచి ఇంగ్లీషు టీచరు. దాన్ని ఇవ్వకుండా మీడియం ఒక్కటి ఇస్తే ఆ పిల్లకు దక్కేది అర్థంకాని సైన్సు, బట్టీ ఇంగ్లీషు, సగం తెలుగు. తెలుగు కూడా ఇంటి భాష కాని సవర, కోయ, గోండు పిల్లల సంగతి ఇంకా కష్టం. గిడుగు రామమూర్తి పంతులు నూరేళ్ల కిందటే సవర పిల్లలకు సవరలోనే పాఠాలు చెప్పించడానికి పుస్తకాలు రాసిన నేల మనది. పిల్లకు తెలిసిన భాష మీదే తెలియనిదాన్ని నిలబెట్టాలని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తెలుగు మీడియం పుస్తకాల్లోని మాటలు ఇంగ్లీషు కన్నా తేలికేమీ కాదని, బాష్పీభవనం, గరిష్ఠ సామాన్య భాజకం పల్లె పిల్లకు ఏ భాషైనా ఒకటేనని మరికొందరంటారు. పారిభాషిక పదాల మొండితనం నేను కాదనను. కొన్నిటిని మార్చాలి, కొన్నిచోట్ల ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో ఉంచాలి. అయితే మాట ఒకటి, దాన్ని వివరించే వాక్యాలు పది. తడిబట్ట ఎండలో ఆరడం, కుండలో నీళ్లు చల్లబడటం గురించిన ఆ పది వాక్యాలూ పిల్లకు తెలిసిన తెలుగులో ఉంటాయి. బాష్పీభవనమనే ముల్లు తీయడానికి పది వాక్యాల్నీ పరాయి భాషలోకి మార్చడం ఎందుకు? పైచదువు ఇంగ్లీషులోనే ఉంది కాబట్టి ఇప్పుడే అలవాటు కావాలన్నది సబబైన ఆందోళన, దానికి మెట్లు కట్టాలి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పాఠాలు చెబుతూనే ఇంగ్లీషును అందరికీ తప్పనిసరి భాషగా ఉంచింది. తెలుగు పిల్లలకు ఉర్దూ కూడా పరాయిదే అన్నది నిజమే అనుకోండి, ఆ అన్యాయం వేరే ప్రసంగానికి సరిపడా కథ. కానీ చదువు ఒక భాషలో, ఇంగ్లీషు భాషగా గట్టిగా, రెండూ పక్కపక్కన నడవగలవని ఆ ఏర్పాటు ఒప్పుకుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదు దాకా, వీలైతే ఎనిమిది దాకా ఇంటి భాషలో చెప్పమంది. ఆ తర్వాత తొమ్మిదిలోనో పదిలోనో సైన్సులో కొన్ని పాఠాలు ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఇంటర్మీడియెట్ మొదటి నెలలు భాషా వారధి కోసం కేటాయించవచ్చు. రెండు భాషల పేజీలు ఎదురెదురుగా ఉన్న పుస్తకాలు ఇప్పటికే చేతిలో ఉన్నాయి. వాటిని తెలుగు నుంచి ఇంగ్లీషుకు దాటే వంతెనగా వాడుకుంటే అవి చాలా విలువైనవి.

మరి మొదలు ఎక్కడ? పరీక్షల దగ్గర మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే మన బడి పరీక్ష వెంటే నడుస్తుంది. పదో తరగతి ఇంగ్లీషు పబ్లిక్ పరీక్ష పూర్తిగా రాతపరీక్ష. ఒక పిల్ల పదేళ్లు ఇంగ్లీషు చదివి, ఒక్క ఇంగ్లీషు వాక్యం కూడా నోటితో పలక్కుండా మంచి మార్కులతో బయటికి రావచ్చు. ఆ పేపర్లో నాలుగోవంతు మార్కులు వినడానికీ మాట్లాడటానికీ కేటాయిస్తే, మరుసటి ఏడాదే ఇంగ్లీషు పీరియడు మారక తప్పదు. తెలుగు పేపర్లోనూ పద్యానికి ప్రతిపదార్థంతో పాటు, చదవని ఒక సైన్సు వ్యాసం ఇచ్చి దాన్ని సొంత మాటల్లో వివరించమని అడగాలి. ఊరి చెరువు ఎందుకు ఎండిపోయిందో రెండు పేజీలు రాయమనాలి. ఇంగ్లీషు మీడియం కొనసాగే బడుల్లోనైనా వారానికి రెండు పీరియడ్లు సైన్సూ సోషలూ తెలుగులో చర్చించి రాయించడానికి ఇవ్వాలి. ప్రాథమిక బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరుకు వేసవిలో రెండు మూడు రోజుల శిక్షణ పెట్టి పంపేయకుండా, ఏడాది పొడవునా పక్కనుండి నేర్పే మనిషిని మండలానికి ఒకరిని నియమించాలి. ఖర్చు అవుతుంది. బోర్డు మీద మీడియం పేరు మార్చడానికి ఏ ఖర్చూ లేకపోబట్టే అది అంత త్వరగా జరిగిపోయింది.